టర్బో కారుకి ఏ ఆయిల్? గ్రేడు అంకె సగం మాటే

ప్రశ్న: ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక టర్బో స్పోర్ట్స్ కారు కొన్నాను. 2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, డైరెక్ట్ ఇంజెక్షన్. పాత ఓనరు పవర్ పెంచడానికి మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు) కూడా మార్పించాడట. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంది, దాని కింద ఏదో కోడ్ ఉంది. మా మెకానిక్ 'టర్బోకి అంత పలచనిది ఆగదు, 10డబ్ల్యూ-60 రేసింగ్ ఆయిల్ పోద్దాం' అంటూ డబ్బా తెచ్చి పెట్టాడు. నా స్నేహితుడేమో ఇప్పుడు కొత్త కార్లన్నిటికీ 0డబ్ల్యూ-20యే, అదే పోయించమంటాడు. రోజూ తిరిగేది దగ్గర దూరాలే. అప్పుడప్పుడు ట్రాక్ మీదికి తీసుకెళ్తాను. డిప్‌స్టిక్ తీసి చూస్తే కొంచెం పెట్రోల్ వాసన వస్తోంది. ఏది పోయించాలి? పైన అడిటివ్ ఏదైనా కలపాలా?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ముందు అడిగినదానికి జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మాన్యువల్‌లో ఉన్న 5డబ్ల్యూ-30 పోయించండి. కాకపోతే, దాని కింద ఉన్న ఆ 'ఏదో కోడ్' డబ్బా వెనక లేబుల్ మీద కూడా ఉండాలి. మెకానిక్ తెచ్చిన డబ్బాని సీలు విప్పకుండా వెనక్కి ఇచ్చేయమనండి. మీ స్నేహితుడి సలహా ఆయన కారుకి సరిపోతుందేమో గానీ మీ కారుకి వద్దు. అడిటివ్‌ల జోలికి అసలే పోకండి.

మీ ఉత్తరంలో నాకు కొట్టొచ్చినట్టు కనబడింది ఒకటుంది. మూడు గ్రేడులూ పూసగుచ్చినట్టు రాశారు, కోడ్ మాత్రం రాయకుండా వదిలేశారు. చాలామంది చేసేది అదే. డబ్బా ముందువైపు పెద్దక్షరాల్లో ఉన్నది చూసి కొంటారు. కొనాల్సింది వెనకవైపు చీమతలకాయంత అక్షరాలు చదివి.

టర్బో ఆయిల్‌ని ఏం చేస్తుందో చూస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. టర్బోలో ఒక చిన్న షాఫ్ట్ ఉంటుంది. దాని ఒక చివర ఎగ్జాస్ట్ గ్యాస్ తిప్పే చక్రం, రెండో చివర గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే చక్రం. పెట్రోల్ ఇంజన్ని గట్టిగా తోలితే ఎగ్జాస్ట్ వేడి 900 డిగ్రీలు దాటుతుంది. షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు అవలీలగా దాటేస్తుంది, చిన్న టర్బోల్లో రెండు లక్షలు కూడా. కార్లలో వాడే టర్బోల్లో ఎక్కువభాగం బాల్ బేరింగులు ఉండవు. షాఫ్ట్‌కీ దాని చుట్టూ ఉన్న బుష్‌కీ మధ్య మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల సందు ఉంటుంది. ఆ సందులో పారే ఆయిల్ పొర మీద షాఫ్ట్ తేలుతూ తిరగాలి. లోహం లోహాన్ని తాకకూడదు. పక్కనున్న వేడిని మోసుకుపోవాల్సింది కూడా చాలావరకు ఆ ఆయిలే. అంటే టర్బోకి కావలసింది చిక్కటి ఆయిల్ అనడం కన్నా, ఆగకుండా పారుతూ అంత వేడిలోనూ పొర తెగని ఆయిల్ అనడం సరైనది. ఈ రెంటికీ ఉన్న తేడా దగ్గరే మీ మెకానిక్ లెక్క తప్పుతోంది.

ఎలాగంటారా? ఆయిల్ 100 డిగ్రీలకి వేడెక్కినప్పుడు 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 దాకా. 60 గ్రేడుకి వచ్చేసరికి 21.9 నుంచి 26.1 దాకా పోతుంది. అంటే ఆయన పోస్తానంటున్నది మీ ఇంజన్ అడిగినదానికి దాదాపు రెట్టింపు చిక్కన. పోశాక ఆయిల్ ప్రెషర్ మీటర్ ముల్లు పైకి లేస్తుంది, చూడ్డానికి ధీమాగా ఉంటుంది. కానీ ప్రెషర్ పెరిగిందంటే ఆయిల్ ఎక్కువ పారుతోందని కాదు, దారిలో అడ్డు పెరిగిందని. ఒక హద్దు దాటాక పంపు దగ్గరి రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మిగిలిన ఆయిల్‌ని వెనక్కి మళ్లిస్తుంది. టర్బోకి వెళ్లే సన్నటి గొట్టంలోకి చేరేది తగ్గుతుంది. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు మరీను. దగ్గర దూరాలే తిరిగే మీ కారులో అంత చిక్కటి ఆయిల్ సరిగ్గా వేడెక్కే లోపే ఆఫీసు వచ్చేస్తుంది.

10డబ్ల్యూ-60కి ఇంత పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పాలి. బీఎండబ్ల్యూ తన ఎం అనే స్పోర్ట్స్ కార్లలో కొన్నిటికి అదే వాడమంది. 2007లో వీ8 ఇంజన్‌తో వచ్చిన ఎం3 వాటిలో ఒకటి. కానీ ఆ ఇంజన్‌కి టర్బోయే లేదు. నిమిషానికి 8 వేల చుట్లు దాటి తిరిగే ఇంజన్ అది. అదే కంపెనీ 2014లో ఎం3కి టర్బో ఇంజన్ పెట్టినప్పుడు 10డబ్ల్యూ-60ని వదిలేసింది. ఆ పేరు మాత్రం గ్యారేజీల్లో ఇంకా వదల్లేదు.

ఇప్పుడు కోడ్ సంగతి. కాస్త ఓపికగా చదవండి, ఉత్తరం మొత్తానికి ఇదే ముఖ్యం.

5డబ్ల్యూ-30 అని రాసున్న రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టారనుకోండి. ఒకే సైజు చొక్కాలు రెండూ ఒకే బట్టతో కుట్టినవి కానక్కర్లేదు కదా, ఇవీ అంతే. డబ్ల్యూకి ముందున్న 5 చలిలో ఇంజన్ తిరగడానికి ఆయిల్ ఎంత సహకరిస్తుందో చెబుతుంది. సున్నాకి దిగువన 30 డిగ్రీల చలిలో చేసే పరీక్ష అది. తర్వాతి 30 వేడెక్కాక చిక్కదనం చెబుతుంది. అయితే ఆ కొలత ఆయిల్‌ని దాని మానాన దాన్ని సన్నటి గొట్టంలోంచి జారనిచ్చి తీసుకుంటారు. బేరింగులో ఆయిల్‌కి అంత సుఖం ఎక్కడిది? అక్కడ రెండు లోహాల మధ్య పడి నలుగుతుంది. వేడికి మరీ పలచబడకుండా కలిపిన పాలిమర్‌లు ఆ నలుగుడుకి సాగి, చిక్కదనం కాసేపు పడిపోతుంది. అందుకే ఇంకో పరీక్ష పెట్టారు. 150 డిగ్రీల వేడిలో, బేరింగులో నలిగినట్టే నలుపుతూ కొలుస్తారు. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు.

5డబ్ల్యూ-30 అనిపించుకోవడానికి ఈ హెచ్‌టీహెచ్‌ఎస్ 2.9 ఉంటే చాలు. మైలేజీ కోసం తయారయ్యే 5డబ్ల్యూ-30 ఆయిళ్లు ఎక్కువగా 3 చుట్టుపక్కలే ఉంటాయి. బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01, మెర్సిడెస్ 229.5, ఫోక్స్‌వ్యాగన్ 504 00 లాంటి కార్ల కంపెనీల అప్రూవల్ (మీ మాన్యువల్‌లోని కోడ్ ఇలాంటిదే) కావాలంటే మాత్రం కనీసం 3.5 ఉండి తీరాలి. పోర్షే ఏ40 కూడా ఆ వరసలోదే, కాకపోతే అది 40 గ్రేడు ఆయిళ్లకి ఇచ్చేది. 2.9కీ 3.5కీ తేడా ఎంతలే అనిపిస్తుంది. 120 డిగ్రీల ఆయిల్‌తో మలుపులో బూస్ట్ మీద, అంటే టర్బో గాలిని గట్టిగా నొక్కి పంపుతూ ఉన్నప్పుడు బేరింగుని కాపాడేది ఆ తేడాయే. రెండు డబ్బాల మీదా ఉన్నది 5డబ్ల్యూ-30యే మరి. కోడ్ చూడకపోతే ఏది చేతికొచ్చిందో మీకు తెలిసే దారి లేదు.

కోడ్ కేవలం పొర బలం గురించే కాదు. ఆయిల్ ఆవిరైపోవడం, టర్బోలో మాడి గడ్డకట్టడం, టైమింగ్ చెయిన్ అరుగుదల, బూడిద ఎంత మిగులుతుందనేది, ఇవన్నీ కంపెనీ తన ఇంజన్ల మీద పరీక్షించి ఆ అప్రూవల్ ఇస్తుంది. మీ కారు ఎగ్జాస్ట్‌లో పెట్రోల్ పర్టిక్యులేట్ ఫిల్టర్ (మసిని పట్టే జల్లెడ) ఉంటే బూడిద తక్కువగా ఉండే ఆయిలే పోయాలి, లేకపోతే ఫిల్టర్ పూడుకుపోతుంది. మీ మాన్యువల్ కోడ్‌లో ఆ లెక్క కూడా కలిసే ఉంటుంది. మీ మెకానిక్ చెప్పే రేసింగ్ ఆయిల్‌లో ఉండకపోవచ్చు.

లేబుల్ చదివేటప్పుడు ఒక కిటుకు గుర్తుపెట్టుకోండి. 'అప్రూవ్డ్' అని ఉంటే కార్ల కంపెనీ ఒప్పుకున్నట్టు. 'మీట్స్', 'సూటబుల్ ఫర్', 'రికమెండెడ్ ఫర్' అని ఉంటే ఆయిల్ తయారుచేసినవాళ్లు తమకు తామే చెప్పుకుంటున్నట్టు. అలాంటివన్నీ చెత్త అనను, కొన్ని నిజంగానే మంచివి. కానీ టర్బో విషయంలో ఎవరో మాట ఇచ్చారని నమ్మి కొనడం నాకు నచ్చదు. సందేహం ఉంటే ఆ ఆయిల్ కంపెనీ వెబ్‌సైట్‌లో డేటాషీట్ తెరిచి హెచ్‌టీహెచ్‌ఎస్ అంకె వెతకండి. ఎంత వెతికినా ఆ అంకె కనబడకపోతే నేనైతే ఆ ఆయిల్ కొనను.

కోడ్‌తో పాటు ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ప్రమాణమైన ఎస్‌పీ అని గానీ, 2025లో దాని తర్వాత వచ్చిన ఎస్‌క్యూ అని గానీ ఉంటే మీ కారుకి మరీ మంచిది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లకి ఎల్‌ఎస్‌పీఐ అనే పీడ ఒకటుంది. తక్కువ రౌండ్లలో, సుమారు 1,500 నుంచి 2,500 మధ్య, ఎక్కువ బూస్ట్‌లో ఉన్నప్పుడు స్పార్క్ ప్లగ్ నిప్పు రాల్చకముందే సిలిండర్‌లో మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. సిలిండర్ గోడ మీంచి ఎగిరిన ఆయిల్, పెట్రోల్ తుంపరలు దీనికి ఒక కారణం. గట్టిగా ఒక్కసారి తగిలినా పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిపోవచ్చు. ఆయిల్‌లో ఉండే కాల్షియం డిటర్జెంట్ దీన్ని పెంచుతుందని తేలాక, ఆయిల్ కంపెనీలు అందులో కొంత తీసేసి మెగ్నీషియం వాడటం మొదలుపెట్టాయి. 2020 మేలో వచ్చిన ఎస్‌పీలో ఎల్‌ఎస్‌పీఐ పరీక్ష తప్పనిసరి. మీ కారుకి మ్యాప్ మార్చారన్నారు. అంటే తక్కువ రౌండ్లలో టార్క్ ఇంకా పెరిగి ఉంటుంది, మీకు ఈ పీడ భయం ఇంకొంచెం ఎక్కువే. ఆయిల్‌తో పాటు కాలు కూడా మార్చాలి. ఐదో గేరులోనో ఆరో గేరులోనో ఇంజన్ని ఈడుస్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకండి. ఒక గేరు దించి తొక్కండి.

సింథటిక్ మాటకొస్తే, దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. డబ్బా మీద ఫుల్లీ సింథటిక్ అని ఉన్నంతమాత్రాన లోపల పీఏఓయో ఎస్టరో, అంటే రసాయనాలతో తయారుచేసిన ఆయిలే, ఉండాలని లేదు. 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య వచ్చిన వివాదంలో ముడి చమురునే బాగా శుద్ధి చేసిన గ్రూప్ 3 ఆయిల్‌ని కూడా సింథటిక్ అని పిలుచుకోవచ్చని తేలింది. అప్పట్నుంచి ఆ పేరు చాలా వదులైపోయింది. మీ అప్రూవల్ కోడ్ ఉన్న ఆయిల్ దేనితో తయారైనా పరీక్ష గట్టెక్కే వచ్చింది కాబట్టి అంతకుమించి తవ్వకండి.

మీ స్నేహితుడిది పూర్తిగా తప్పు మాట కాదు. హోండా సివిక్ టైప్ ఆర్ టర్బో కారే, దానికి అమెరికాలో 0డబ్ల్యూ-20 పోయమంటుంది హోండా. నిస్సాన్ జీటీ-ఆర్ కూడా టర్బో కారే, అది ఫ్యాక్టరీ నుంచి 0డబ్ల్యూ-40తో వస్తుంది. రెండూ ట్రాక్ మీద చెమటలు పట్టించే కార్లే. అంటే టర్బోకి ఫలానా గ్రేడు అనే సూత్రమేదీ లేదు. బేరింగుల్లో సందు ఎంత, ఆయిల్ పంపు ఎంత తోస్తుంది, ఆయిల్ కూలర్ ఎంత పెద్దది అన్నదాన్నిబట్టి ఇంజన్ తయారుచేసినవాళ్లు నిర్ణయిస్తారు. మీ ఇంజన్‌ని 30కి తయారుచేశారు. అందులో 20 పోస్తే, పెట్రోల్ కూడా కలుస్తున్న మీ కారులో పొర మరీ సన్నబడుతుంది.

ట్రాక్ సంగతికొస్తే 40 గ్రేడు గురించి ఆలోచించొచ్చు, ఒక షరతు మీద. మీ మాన్యువల్‌లోనో, అప్రూవల్ జాబితాలోనో అదే కోడ్‌తో 0డబ్ల్యూ-40 గానీ 5డబ్ల్యూ-40 గానీ ఉండాలి. ముందు ఆయిల్ టెంపరేచర్ చూడండి. చాలా స్పోర్ట్స్ కార్లలో డిస్‌ప్లేలోనే కనిపిస్తుంది. రోడ్డు మీద 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే మామూలే. ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులకే 125, 130 దాటి అక్కడే నిలబడుతుంటే 40 పోయడం సబబు. అప్పటికీ దిగిరాకపోతే మార్చాల్సింది ఆయిల్ కాదు, ఆయిల్ కూలర్. 110 దగ్గరే ఆగిపోతే 30తోనే హాయిగా తిరగండి. ట్రాక్‌కి వెళ్లేముందు లెవెల్ మాత్రం డిప్‌స్టిక్ పై గీతకి దగ్గరగా ఉంచండి. పొడవాటి మలుపులో ఆయిల్ అంతా సంపులో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఒక పక్కకి చేరి పంపు గాలి పీల్చిందంటే ఏ గ్రేడు ఆయిలూ బేరింగుని కాపాడలేదు. పై గీత దాటి పోయడం కూడా తప్పే, క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది.

ఇక పెట్రోల్ వాసన. నన్నడిగితే ఏ గ్రేడు అన్న ప్రశ్న కన్నా ఇదే పెద్దది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అందులో కొంత గోడలకి అంటుకుని, రింగుల పక్కనుంచి సంపులోకి జారుతుంది. దూరప్రయాణం చేస్తే ఆయిల్ వేడికి అది ఆవిరైపోతుంది. మీలాగా దగ్గర దూరాలే తిరిగితే పేరుకుంటుంది. కొద్ది శాతం కలిసినా చాలు, 30 గ్రేడు ఆయిల్ 20 గ్రేడులా ప్రవర్తిస్తుంది. ఒక పని చేసి చూడండి. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ తీసి ఒక చుక్క తెల్ల టిష్యూ కాగితం మీద వేయండి, వాసన చూడండి. వారం తర్వాత ఒక గంటసేపు హైవే మీద ఆగకుండా నడిపి, మర్నాడు పొద్దున మళ్లీ అలాగే చూడండి. వాసన తగ్గితే మీ వాడకమే కారణం. వారానికి ఒకసారైనా అలా తిప్పండి, సరిపోతుంది. తగ్గకపోయినా, డిప్‌స్టిక్ మీద లెవెల్ దిగాల్సింది పోయి పైకి వస్తున్నా, ఇంజెక్టర్ కారుతోందేమో, హై ప్రెషర్ పంపు కారుతోందేమో చూపించాలి. మ్యాప్ మార్చినవాళ్లు పెట్రోల్ మరీ ఎక్కువ పోయిస్తున్నారేమో కూడా.

అందుకే ఆయిల్ మాత్రం మాన్యువల్‌లో ఉన్న గడువు కన్నా ముందే మార్చమంటున్నాను. అందులో 15 వేల కిలోమీటర్లనో, లాంగ్‌లైఫ్ అయితే ఇంకా ఎక్కువో రాసుంటుంది. ఆ లెక్క మ్యాప్ మార్చని కారుకి, హైవే మీద తిరిగే కారుకి. మీరు 8 వేలకి ఒకసారో, ఏడాదికి ఒకసారో, ఏది ముందొస్తే అప్పుడు మార్చేయండి. ట్రాక్ మీద రోజంతా తోలిన తర్వాతైతే ఇంకా త్వరగా. ఖరీదైన ఆయిల్ పోసి 15 వేలు నెట్టుకురావడం కన్నా, సరైన కోడ్ ఉన్న మామూలు ఆయిల్‌ని సగం దూరానికే మార్చడం టర్బోకి ఎక్కువ మేలు.

అడిటివ్‌లు ఎందుకు వద్దన్నానంటే, ఆయిల్‌లో ఉండాల్సినవన్నీ తూకం ప్రకారం కలిపే అమ్ముతారు. జింక్ అడిటివ్ సీసా ఒంపితే ఫాస్ఫరస్ పెరిగి కెటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది, మిగతా తూకం కూడా చెడుతుంది. పాత కారు కదా అని ఇంజన్ ఫ్లష్ మందు పోయిస్తారేమో, అదీ వద్దు. లోపల మడ్డి ఉంటే ఒక్కసారిగా ఊడి, పంపు ముందున్న జల్లెడకి అడ్డం పడుతుంది.

నడిపే తీరు గురించి రెండు ముక్కలు. కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినంతమాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా చాలా సమయం పడుతుంది. ఆయిల్ 80 డిగ్రీలు దాటేదాకా బూస్ట్ జోలికి పోకండి. ఆపేటప్పుడు ఇంటి ముందు నిలబెట్టి ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచనక్కర్లేదు. ఇప్పటి టర్బోలకి నీళ్ల కూలింగ్ ఉంటుంది, చాలావాటిలో ఇంజన్ ఆపాక కూడా పంపు తిరుగుతుంది. చివరి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా వస్తే చాలు. గట్టిగా తోలి వెంటనే ఆపేస్తే మాత్రం ఎర్రగా కాలిన చక్రం వేడి అంతా షాఫ్ట్ గుండా బేరింగులోకి పాకి, అక్కడ నిలిచిపోయిన ఆయిల్‌ని మాడ్చేస్తుంది. అది నల్లటి పెచ్చులుగా కట్టి ఆయిల్ దారిని మూసేస్తుంది. ట్రాక్ మీద ఆఖరి ల్యాపు మెల్లగా తిరగమనేది దీనికే.

పాత ఓనరు ఏం పోశాడో మీకు తెలియదు కాబట్టి ఇలా చేయండి. ఇప్పుడే కంపెనీ ఫిల్టర్‌తో సహా మొత్తం మార్చేయండి. డ్రెయిన్ బోల్ట్ కింద వాషర్ కొత్తది వేయించండి. 2, 3 వేల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ మార్చండి, ఫ్లష్ చేయాల్సిన పని ఆ రెండో మార్పు చేసిపెడుతుంది. ఆ రెండోసారి ఆయిల్ దించేటప్పుడు మొదటి ధార పోనిచ్చి, మధ్యలో శుభ్రమైన సీసాతో కొంచెం పట్టి ఆయిల్ పరీక్ష చేసే ల్యాబ్‌కి పంపండి. రిపోర్టులో ఇనుము, రాగి, సిలికాన్, ఇంధనం శాతం, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం ఉంటాయి. సిలికాన్ ఎక్కువుంటే ఎయిర్ ఫిల్టర్ దగ్గర దుమ్ము దూరుతుండొచ్చు. రాగి ఎక్కువుంటే బేరింగుల మీద అనుమానపడాలి. ఇనుమూ రాగీ రెండూ పెరిగి ఉంటే టర్బో ముందున్న గాలి గొట్టం విప్పించి, షాఫ్ట్‌ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడమనండి. పక్కలకి లవలేశం కదలొచ్చు, చక్రం గోడకి మాత్రం తగలకూడదు. ఇంధనం 2, 3 శాతం దాటి, చిక్కదనం 9.3 కన్నా దిగిపోయి ఉంటే మళ్లీ గ్రేడుల చర్చ పెట్టుకోకుండా కారుని నేరుగా ఇంజెక్టర్లు పరీక్షించేచోటికి తీసుకెళ్లండి.